సదస్సుకు బైకు మీద: ఉపాధ్యాయుల ప్రశ్నలు, మా జవాబులు

జాతీయ విద్యా విధానం-2020 ప్రకారం ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్య శిక్షణ పొందాలి. కొంత ఫోన్‌లో అయిపోతుంది, మిగతాదానికి ఊరు దాటాలి. మండలం లోపలి బడులకు రోజూ బండి మీదే వెళ్లేవారు సదస్సుకూ బండే తీస్తామంటున్నారు. ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఆ విషయం మీదే.

ప్రశ్న: ఆదిలాబాద్ జిల్లాలో స్కూల్ అసిస్టెంట్‌ని. హైదరాబాద్‌లో రెండు రోజుల రాష్ట్రస్థాయి సదస్సు ఉంది, ఉదయం పదింటికి మొదలు. నాది 125 సీసీ బండి, నాలుగేళ్లయింది. దానిమీద వెళ్లవచ్చా? ముందురోజు సర్వీసింగ్ చేయిస్తే సరిపోతుందా?

వెళ్లవచ్చు మాస్టారూ. బండి చిన్నదని బెంగ వద్దు. ముందురోజు సర్వీసింగ్ మాత్రం వద్దు. కొత్తగా వేసిన బ్రేక్ షూ డ్రమ్ముకు ఒదగాలి, బిగించిన వైరు కాస్త సాగుతుంది, మెకానిక్ మరిచిన నట్టు ఒకటి రెండు రోజుల్లో బయటపడుతుంది. ఇవన్నీ జాతీయ రహదారి మీద బయటపడకూడదు. పది రోజుల ముందే చేయించి, వారం పాటు బడికి అదే బండి మీద వెళ్లండి. టైరు మార్చాల్సి వస్తే అదీ అప్పుడే. కొత్త టైరు పైన నున్నటి పొర ఉంటుంది. అది అరిగేదాకా, అంటే మొదటి 100 కిలోమీటర్లు, మలుపుల్లో బండిని ఎక్కువ వంచకూడదు.

టైరు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర చూడండి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని. గాట్లు బాగానే కనిపించినా రబ్బరు మీద సన్నటి పగుళ్లుంటే మార్చేయండి.

చైను సంగతి ఎక్కువమంది తేలిగ్గా తీసుకుంటారు. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, న్యూట్రల్‌లో వెనక చక్రం తిప్పుతూ చైను అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోటు పట్టుకోండి. కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడిస్తే మామూలు బండ్లలో 20 నుంచి 30 మిల్లీమీటర్ల వరకు కదలాలి. మీ బండి కొలత స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) స్టిక్కర్ మీదో యజమాని పుస్తకంలోనో ఉంటుంది, దాన్నే పాటించండి. లూజుంటే ఇరుసు నట్టు వదులు చేసి, రెండువైపుల అడ్జస్టర్లనూ సమానంగా తిప్పి, గుర్తులు ఒకే గీత మీద ఉన్నాయని చూశాకే నట్టు బిగించండి. ఒకవైపు ఎక్కువ లాగితే చక్రం వంకరగా కూర్చుని చైను, పళ్ల చక్రం రెండూ అరుగుతాయి. డ్రమ్ బ్రేకయితే చక్రం వెనక్కి జరిగాక పెడల్ ఆట కూడా మారుతుంది, దాన్నీ సరిచేయాలి. దూరం పోతున్నామని చైను బిగించి కట్టేవారున్నారు. సామాను బరువుకు వెనక భాగం దిగినప్పుడు ఆ చైను ఇంకా బిగుసుకుని గేరుబాక్సు బేరింగును లాగేస్తుంది. అంతకంటే కాస్త లూజే మేలు. నూనె వేసేది బండి నడిపి చైను వెచ్చగా ఉన్నప్పుడు, 90 నంబరు గేర్ ఆయిల్, కింది వరస లోపలి వైపున. రాత్రి వేసి వదిలేస్తే పొద్దుటికి ఇంకుతుంది. బయలుదేరే ముందు వేస్తే సగం మీ ప్యాంటు మీదే ఉంటుంది.

గాలి చల్లటి టైరులోనే కొలవాలి. ఈ తరగతి బండ్లలో ఒక్కరికైతే ముందు 25, వెనక 28-29 పీఎస్ఐ మామూలు. సామాను ఉంటే స్టిక్కర్ మీద ఇద్దరికి రాసిన అంకె వైపు పెంచండి. ఎండాకాలం టైరు పగులుతుందని గాలి తగ్గించే అలవాటు తలకిందుల లెక్క: గాలి తక్కువైన టైరే ఎక్కువ మడతపడి వేడెక్కుతుంది.

దారి 44వ నంబరు జాతీయ రహదారి, ఇంచుమించు 300 కిలోమీటర్లు. నిర్మల్, ఆర్మూర్, కామారెడ్డి, తూప్రాన్ దగ్గర ఆగుతూ, 60-65 వేగం దాటకుండా వెళ్తే నగర రద్దీతో కలిపి ఏడు గంటలు పట్టవచ్చు. అంటే సదస్సు రోజు తెల్లవారుజామున బయలుదేరడమనే మాటే లేదు. చేరగలరు, కానీ మొదటి సెషన్‌లో కునుకు తీస్తారు. ముందురోజు ఆరింటికి బయలుదేరి, మధ్యాహ్నానికి చేరి, స్నానం చేసి పడుకోండి. లీటరుకు 50 ఇచ్చే బండికి ఆరు లీటర్లు కావాలి, ట్యాంకు నింపుకుంటే మధ్యలో బంకు వెతకక్కర్లేదు. టోల్ గేట్ల దగ్గర బైకుకు రుసుము లేదు, పక్క దారిలో వెళ్లండి. మేడ్చల్ దాటాక గచ్చిబౌలి వైపు వెళ్లాల్సి వస్తే ఔటర్ రింగు రోడ్డు ఊరిస్తుంది. దానిమీద బైకులకు అనుమతి లేదు, పక్కనున్న సర్వీసు రోడ్డు పట్టుకోవాలి.

వెంట ఉండాల్సినవి: ప్లగ్గు, ప్లగ్గు పానా, క్లచ్ వైరు, ఫ్యూజు, చైనుకు క్లిప్పు ఉంటే ఒక చైన్ లాక్ (చైను కొసలు కలిపే లింకు). క్లిప్పు మూసిన కొన చైను నడిచే దిక్కుకు ఉండాలి, తిప్పి పెడితే రాలిపోతుంది.

ప్రశ్న: నా ప్రదర్శన అంతా ల్యాప్‌టాప్‌లో ఉంది, నాలుగు చార్టులు కూడా ఉన్నాయి. ఎలా తీసుకెళ్లాలి?

ల్యాప్‌టాప్‌ను నిద్రపుచ్చి బ్యాగులో పెట్టకండి, పూర్తిగా షట్‌డౌన్ చేయండి. కుదుపుకు మేల్కొంటే గాలాడని బ్యాగులో కాగిపోతుంది. పాత రకం హార్డ్ డిస్కు ఉంటే అది తిరుగుతుండగా తగిలే అదురే ప్రమాదం. తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ ఉన్నవాటికి ఆ భయం తక్కువ. వెనక క్యారియర్ మీద కంటే వీపు సంచిలోనే మేలు, మీ ఒళ్లే సగం కుదుపు మింగేస్తుంది. రెయిన్ కవరు సంచి పైభాగాన్నే కాపాడుతుంది, వీపు వైపు నుంచి నీరు దిగుతుంది. కాబట్టి ల్యాప్‌టాప్‌కు విడిగా మందపాటి ప్లాస్టిక్ కవరు తొడగండి. ప్రదర్శన ఫైలు పెన్‌డ్రైవులోనూ, ఈమెయిల్‌లోనూ ఉంచండి. పీడీఎఫ్ ప్రతి ఒకటి తప్పనిసరి, అక్కడి కంప్యూటర్లో మీ తెలుగు ఫాంటు ఉండకపోవచ్చు.

మామూలు చార్టు 22×28 అంగుళాలు. 22 అంగుళాల పొడవుండేలా చుట్టి, రెండడుగుల పొడవు, మూడంగుళాల వెడల్పు ఉన్న పీవీసీ పైపులో దూర్చి రెండు మూతలూ బిగించండి. ప్లంబింగ్ సామాన్ల కొట్టులో కోసిస్తారు. పైపును సీటు మీద అడ్డంగా కట్టవచ్చు, హ్యాండిల్ వెడల్పును మించదు. తాడు కొసలు వేలాడకుండా ముడివేయండి, చైనులో చిక్కుకుంటే చక్రం బిగుసుకుపోతుంది. బట్టల సంచి సైలెన్సర్‌కు నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి.

దారి కోసం ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగించే ముందు ఒక మాట. బైకు ఇంజిన్ అదురుకు కెమెరా ఫోకస్ దెబ్బతినవచ్చని ఆపిల్ సంస్థ 2021లోనే హెచ్చరించింది. అదురు మింగే రబ్బరు మౌంటు వాడండి, లేదా చెవిలో దారి వినండి.

ప్రశ్న: అరకు నుంచి విశాఖలో సదస్సుకు ఇద్దరు టీచర్లం ఒకే బండి మీద వెళ్తున్నాం. ఘాట్‌లో బ్రేకులు పట్టడం లేదని తోటి టీచరు భయపడుతోంది.

ఆవిడ భయం సరైనదే మేడమ్. అనంతగిరి, డముకు, టైడా మీదుగా శృంగవరపుకోట దిగేదాకా ఆగకుండా బ్రేకు నొక్కితే డ్రమ్ము కాగి, షూ పట్టు తప్పుతుంది. మాడిన వాసన వస్తే, పెడల్ మామూలు కంటే కిందికి పోతే అదే గుర్తు. నీళ్లు పోయకండి, నీడలో ఆపి చల్లారనివ్వండి.

అసలు మందు గేరు. ఏ గేరులో ఆ వాలు ఎక్కగలరో అదే గేరులో దిగండి, సాధారణంగా రెండు లేదా మూడు. మలుపులోకి వచ్చాక కాదు, రాకముందే గేరు తగ్గించి, బ్రేకు కొద్దికొద్దిగా నొక్కి వదలండి. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దించడం మానండి. 2020 తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో ఎక్కువ వాటికి ఇంజెక్షన్ (పెట్రోలును కొలిచి చిమ్మే ఏర్పాటు) ఉంది. గేరులో యాక్సిలేటర్ వదిలేస్తే అది పెట్రోలునే ఆపేస్తుంది, న్యూట్రల్‌లోనైతే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది. చలికాలం పొద్దున్నే మంచు కమ్మితే డిమ్ లైటే వేయండి, హైబీమ్ మంచు మీద పడి మీ కళ్లలోకే తిరిగొస్తుంది. వెనక కూర్చున్నవారు మలుపులో బండితోపాటు వంగాలి, ఎదురు వంగకూడదు. ఇద్దరికీ ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్, దవడ కింద పట్టీ బిగించి.

ప్రశ్న: ట్యూబ్‌లెస్ టైరుకు దారిలో పంచరు పడితే నేనే వేసుకోగలనా?

పంచరు కిట్, చిన్న పంపు ఉంటే పావుగంట పని. మేకు ఏ కోణంలో దిగిందో చూసి పటకారుతో లాగండి. గరుకు సూదిని అదే కోణంలో గుచ్చి, పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. ఇది బద్ధకించినవారికే స్ట్రిప్పు ఊడుతుంది. జిగురు స్ట్రిప్పును సూది కంట్లో సగానికి ఎక్కించి, రెండు కొసలు ఒక సెంటీమీటరు బయట మిగిలేదాకా నొక్కి, సూదిని ఒక్క ఊపున లాగేయండి. మిగిలిన కొసలు కోసి, గాలి పట్టి, తడి చేసి చూడండి. బుడగలు రాకపోతే చాలు. ఆ టైరుతో 60 దాటకండి, ఊరు చేరాక లోపలి నుంచి ప్యాచ్ వేయించండి. పక్క గోడకు పడిన రంధ్రానికి ఇది పనికిరాదు. రహదారి సహాయానికి 1033, గాయాలైతే 108.

ప్రశ్న: స్కూటర్ మావారి పేరు మీద ఉంది. నేను నడుపుకుంటూ వెళ్తే బీమా వర్తిస్తుందా?

మీవల్ల ఇతరులకు జరిగే నష్టానికి థర్డ్ పార్టీ బీమా వర్తిస్తుంది, మీకు చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. కానీ పాలసీతో వచ్చే రూ. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమాని నడుపుతున్నప్పటికే. అంటే అది మీవారిది, మీది కాదు. మీ పేరున విడిగా ప్రమాద బీమా తీసుకోండి, లేదా జీతం ఖాతాతో వచ్చిన బీమా ఉందేమో బ్యాంకులో అడగండి. వెనక ఎవరినైనా ఎక్కించుకుంటే పాలసీలో వారికీ రక్షణ ఉందో లేదో చూడండి, థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవాటిలో సాధారణంగా ఉండదు. కాగితాలు డిజీలాకర్‌లో చూపినా చెల్లుతాయి. కాలుష్య ధ్రువపత్రం గడువు మాత్రం ఈరోజే చూసుకోండి.

ప్రశ్న: ముగింపు సభ సాయంత్రం ఐదింటికి. వెంటనే బయలుదేరవచ్చా?

వంద కిలోమీటర్ల లోపైతే సరే. అంతకు మించితే మర్నాడు పొద్దున్నే. సంధ్యవేళ రోడ్డెక్కే పశువులు, లైట్లు లేకుండా ఆపిన లారీలు, ఎదురుగా వచ్చే ట్రాక్టర్లు, వీటికి తోడు రెండు రోజుల అలసట. ఉత్తర్వులో ప్రయాణపు రోజు కూడా ఆన్ డ్యూటీగా ఉందో లేదో బయలుదేరే ముందే హెచ్ఎం గారితో తేల్చుకోండి. లేకపోతే ఆ పూటకు సెలవు పెట్టండి. హాజరు ధ్రువపత్రం మాత్రం హాలు దాటక ముందే తీసుకోండి, తర్వాత తెప్పించుకోవడం చాలా తిప్పలు.