మణికట్టు పరికరంతో పరిశోధన మొదలుపెడుతున్న మేనకోడలికి

గుంటూరు

చిరంజీవి అమ్మాయికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన పరిశోధన ప్రణాళికను శ్రద్ధగా చదివాను. పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నవారి చేతి వణుకునూ నడకనూ మణికట్టుకు కట్టే పరికరంతో ఇంటి దగ్గరే కొలవాలన్న నీ సంకల్పం నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే అందులో న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణల నుంచి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాము) గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి గానీ, ఆ కొలత చేతికి వచ్చాక డాక్టరు దానితో ఏం చేస్తారన్నది ఎక్కడా లేదు. బయోమెడికల్ ఇన్‌స్ట్రుమెంటేషన్ పాఠాలు చెబుతూ, ఆసుపత్రుల వారితో కలిసి పనిచేస్తూ ఇన్నేళ్లు గడిపినవాడిగా చెబుతున్నాను: నీ కొలత వల్ల మారబోయే వైద్య నిర్ణయం ఏమిటో ముందు తేల్చుకో, పరికరం సంగతి ఆ తరువాత చూడు.

నీ విషయంలో ఆ నిర్ణయం కళ్లెదుటే ఉంది. ఈ జబ్బులో, కదలికలకు అవసరమైన డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు క్రమంగా నశిస్తాయి. ఆ లోటు పూడ్చడానికి లెవోడోపా మాత్రలు ఇస్తారు. మొదటి కొన్నేళ్లు ఒక మాత్ర నుంచి ఇంకో మాత్ర దాకా రోజు సాఫీగానే గడుస్తుంది గానీ, జబ్బు ముదిరేకొద్దీ తరువాతి మాత్ర వేళ కాకముందే మందు బలం తగ్గి కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడం, మందు గట్టిగా పనిచేస్తున్న వేళ ఒళ్లు దానంతటదే మెలికలు తిరగడం చాలామందిలో మొదలవుతాయి. మోతాదు పెంచాలా, అదే మోతాదును విడగొట్టి ఎక్కువసార్లు ఇవ్వాలా అన్నది న్యూరాలజిస్టు ఈ హెచ్చుతగ్గుల వేళలను బట్టే నిర్ణయించాలి. ఆ వేళలే వారికి సరిగా తెలియవు. రేపల్లె నుంచో మాచర్ల నుంచో తెల్లవారకముందే బయలుదేరి గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఓపీ వరుసలో కూర్చున్న పెద్దాయన, మాత్ర బస్సులో వేసుకున్నారా, దిగి టిఫిన్ చేశాక వేసుకున్నారా అన్నదాన్ని బట్టి, డాక్టరు గదిలోకి వెళ్లేసరికి చక్కగా నడవనూ వచ్చు, కుర్చీలోంచి లేవలేకపోనూ వచ్చు. డాక్టరు చూసేది ఆ కొద్ది నిమిషాలే. ఎండీఎస్-యూపీడీఆర్ఎస్ అనే కొలబద్ద ప్రకారం ఆ గదిలో పరీక్ష చేసి ఒక్కో లక్షణానికి 0 నుంచి 4 వరకు వేసే అంకె కూడా ఆ కొద్ది నిమిషాలకు సంబంధించిందే. మిగతా రోజంతా ఆయన ఇంట్లో ఎలా ఉన్నారో చెప్పగలిగితేనే నీ పరికరానికి విలువ. ఆయనకు పార్కిన్సన్స్ ఉందని చెప్పే పరికరం ఆ గదిలో ఎవరికీ అక్కర్లేదు.

అందుకని సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ముందు, అనుమతి తీసుకుని కొన్ని వారాల పాటు న్యూరాలజీ ఓపీలో ఒక మూల కూర్చో. డాక్టరు ఏ ప్రశ్న అడిగినప్పుడు రోగి తడబడుతున్నారో రాసుకో. మాత్ర వేసుకున్నాక ఎంతసేపటికి చెయ్యి తేలికవుతోందని అడిగితే ఆయన ఒకటి చెబుతారు, పక్కనున్న భార్యో కోడలో ఇంకొకటి చెబుతుంది. నీ పరికరం జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు అవే.

ఇక సంకేతం సంగతి. పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా 4 నుంచి 6 హెర్ట్జ్ మధ్య, అంటే సెకనుకు 4 నుంచి 6 సార్లు, అదీ చెయ్యి ఒళ్లో విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవడానికి సెకనుకు 50 నమూనాలు తీసుకునే యాక్సెలరోమీటరు (కుదుపును కొలిచే సెన్సరు) ధారాళంగా సరిపోతుంది. అంతకు నాలుగింతలు తీసుకుంటే బ్యాటరీ కరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. మణికట్టు తిరుగుడును జైరోస్కోపు అనే సెన్సరు ఇంకా చక్కగా చూపిస్తుంది గానీ అది ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు తాగుతుంది కాబట్టి, చెయ్యి నిలకడగా ఉన్నప్పుడు మాత్రమే కాసేపు మేల్కొనేలా ఏర్పాటు చెయ్యి. అసలు చిక్కు ఏమిటంటే, ఆ 4-6 హెర్ట్జ్‌లోకి వచ్చే కదలికలు మామూలు జీవితంలోనూ బోలెడు. కూర్చున్న మనిషి శరీరం నిలువు కుదుపులకు 5 హెర్ట్జ్ ప్రాంతంలోనే ఎక్కువగా స్పందిస్తుంది కనుక, బెంజి సర్కిల్ నుంచి ఆటోనగర్ దాకా ఆటోలో వెళ్లిన ఆరోగ్యవంతుడి మణికట్టు కూడా నీ ప్రోగ్రాముకు రోగి మణికట్టులాగే కనిపించవచ్చు. పళ్లు తోముకోవడం, భజనలో చప్పట్లు కొట్టడం కూడా ఇలాగే మోసం చేస్తాయి. అందుకే అదే వయసులో, వీలైతే అదే ఇంట్లో ఉన్న, వణుకు లేని మనిషికి కూడా రోజంతా పరికరం కట్టి చూడు. ఆ మనిషి విషయంలో నీ ప్రోగ్రాము ఎన్నిసార్లు వణుకు అని చెప్పిందన్న లెక్కను నీ థీసిస్‌లో ముందు పేజీల్లోనే పెట్టు.

పార్కిన్సన్స్ కాని మరో వణుకు జబ్బు, ఎసెన్షియల్ ట్రెమర్, ఉన్నవారి చెయ్యి కాఫీ గ్లాసును నోటిదాకా తెచ్చేటప్పుడు వణుకుతుంది. రెండు వణుకుల ఫ్రీక్వెన్సీ పరిధులూ కలిసిపోతాయి కనుక అంకె ఒక్కటే చూసి వాటిని విడదీయలేవు. చెయ్యి విశ్రాంతిలో ఉందా, పనిలో ఉందా అన్నది ముందు తేల్చి, ఆ తరువాతే వణుకును లెక్కించు. పరికరాలు చేసేవారందరూ వణుకు వెంటే పడతారు, అది దొరకడం తేలిక కాబట్టి. కానీ వణుకు అసలే లేని పార్కిన్సన్స్ రోగులు కూడా ఉంటారు. చాలామందిని నిజంగా కుంగదీసేది కదలికల్లో వచ్చే నెమ్మది. నడిచేటప్పుడు చెయ్యి ఊగడం ఎంత తగ్గిందో మణికట్టు నుంచే కొలవవచ్చు గనుక దానికీ నీ ప్రణాళికలో చోటివ్వు.

మణికట్టు గురించి కాస్త విడిగా చెప్పాలి. ఈ జబ్బు సాధారణంగా ఒక పక్కనే మొదలవుతుంది, తరువాత రెండో పక్కకు పాకినా మొదటి పక్కే ఎక్కువగా బాధిస్తుంది. వాచీ అలవాటు కొద్దీ అందరికీ ఎడమ చేతికే కడితే, కుడి పక్క జబ్బున్నవారి వణుకు నీ రికార్డులో సరిగా పడదు. కుడి చేతికి కడితే ఇంకో ఇబ్బంది: మనం అన్నం కలుపుకుని తినేది ఆ చేత్తోనే, పప్పూ పులుసూ అంటిన గుడ్డ పట్టీని రెండోరోజు ఎవరూ కట్టుకోరు. కుళాయి కింద కడిగి తుడుచుకునే రకం పట్టీ పెట్టు. ఆడవాళ్ల చేతికి గాజులుంటాయి. నడిచేటప్పుడు గాజు వచ్చి పరికరం డబ్బాకు తగిలిన ప్రతిసారీ రికార్డులో ముల్లులాంటి సన్నటి నిటారు గీత లేస్తుంది. అంత పొట్టి దెబ్బ శక్తి అన్ని ఫ్రీక్వెన్సీలకూ పరుచుకుంటుంది కాబట్టి నీ వణుకు లెక్కలోకి కూడా చొరబడుతుంది. గాజులు తీసేయమని మాత్రం అడగవద్దు. పెద్దవయసు ముత్తైదువను అలా అడిగితే ఆవిడ నీ పరికరాన్నే తీసి పక్కన పెడుతుంది, అందులో ఆవిడ తప్పు ఏమీ లేదు. గాజులు దాటాక, మోచేతి వైపుగా కట్టేలా పట్టీ పొడవు పెంచు. వణికే వేళ్లతో బకిల్ పెట్టుకోలేరు కనుక ఒంటి చేత్తో అతికించుకునే వెల్క్రో వాడు. ఒక విడత ప్రయోగం తప్పకుండా మే నెలలో చెయ్యి. విజయవాడ ఎండలో చెమటకు చర్మం ఒరిసి పట్టీ విప్పేసినవారు ఎందరో అప్పుడే తెలుస్తుంది.

నడుస్తూ నడుస్తూ పాదాలు నేలకు అతుక్కుపోవడాన్ని పట్టుకోవడానికి డాఫ్‌నెట్ అనే, ఇతర పరిశోధకులు సేకరించి ఉంచిన డేటాను వాడతానని రాశావు. నేర్చుకోవడానికి అది మంచిదే. పదిమంది రోగుల చీలమండ, తొడ, నడుములకు కట్టిన సెన్సర్లతో 64 హెర్ట్జ్ వద్ద తీసిన డేటా అది; అందులో పాదాలు ఆగిపోయింది ఎనిమిదిమందికే. 3-8 హెర్ట్జ్ శక్తిని (పాదాలు ఆగినప్పటి కాళ్ల వణుకు) 0.5-3 హెర్ట్జ్ శక్తితో (మామూలు నడక) భాగించే పాత సూచికను ముందు నీ చేత్తో రాసి చూడు. నీ నెట్‌వర్క్ దానికన్నా ఎంత మెరుగో చెప్పలేకపోతే నెట్‌వర్క్ ఎందుకని పరీక్షకులు అడుగుతారు. ఒకే మనిషి డేటా ముక్కలు శిక్షణలోనూ పరీక్షలోనూ పడకుండా, మనుషుల వారీగా విడగొట్టు. లేకపోతే నీ ప్రోగ్రాము జబ్బును గాక ఆ మనిషి నడక తీరును గుర్తుపట్టి 98 శాతం సరైన జవాబులు తెచ్చుకుంటుంది, కొత్త రోగి దగ్గర చేతులెత్తేస్తుంది. పాదాలు ఆగడం రోజులో కొద్దిసేపే జరుగుతుంది: వంద నిమిషాల్లో అయిదు నిమిషాలు ఆగితే, ఎప్పుడూ ఆగలేదని చెప్పే ప్రోగ్రాముకు కూడా 95 శాతం వస్తుంది, కాబట్టి ఆ ఒక్క శాతాన్ని చూపించి ఊరుకోకు. ఇంకో మాట, ఆగిపోవడం ఎక్కువగా గుమ్మాల దగ్గర, మలుపుల దగ్గర, ఇరుకు సందుల్లో జరుగుతుంది. కాలేజీ వరండాలో తిన్నగా నడిపించి ఏమీ కనిపించలేదని అనుకోవద్దు.

సరిచూసుకోవడానికి డైరీ కావాలి. అరగంటకోసారి రోగి తన స్థితిని గుర్తుపెట్టే డైరీలు వాడుకలో ఉన్నాయి గానీ, కళ్లజోడు వెతుక్కునే పెద్దవారు రోజంతా అవి నింపలేరు. పరికరం మీద ఒకే ఒక పెద్ద మీట పెట్టి, మాత్ర వేసుకున్నప్పుడు నొక్కమను. భోజనం వేళలను ఇంట్లోవారి చేత రాయించు. పప్పు, గుడ్డు, పెరుగులోని ప్రోటీను లెవోడోపా శరీరంలోకి చేరడానికి అడ్డుపడుతుంది కనుక, ఆ వివరం లేకపోతే మధ్యాహ్నం కనిపించే బిగుతుకు నీకు కారణం దొరకదు. దూలగొండి గింజల పొడి వాడుతున్నారా అని కూడా అడుగు. ఆ గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. అడగనిదే ఎవరూ చెప్పరు, చెప్పాక ఆ విషయం డాక్టరుకు తప్పకుండా చేరాలి.

మూర్ఛనూ ఇదే పరికరంతో పట్టుకోవాలని చివర్లో రాసిన పేరా తీసేయమని నా సలహా. మూర్ఛకు మణికట్టు పరికరాలు లేకపోలేదు. ఎంబ్రేస్ అనేదానికి 2018లో అమెరికా ఔషధ, పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి కూడా వచ్చింది. కానీ అక్కడ క్షణాల్లో ఇంట్లోవారిని పిలవాలి, ఇక్కడ రోజుల తరబడి రాసిపెట్టాలి. రెండింటికీ బ్యాటరీ లెక్క వేరు, తప్పు పిలుపు వల్ల జరిగే నష్టం వేరు. ఒక పీహెచ్‌డీకి ఒక జబ్బు చాలు.

అనుమతుల పని ఇప్పుడే మొదలుపెట్టు. ఆసుపత్రి నైతిక కమిటీ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలను అనుసరించి అడుగుతుంది. అంగీకార పత్రం వాడుక తెలుగులో రాసి, ఒక రోగి కుటుంబానికి చదివి వినిపించి, అర్థం కాని వాక్యం మార్చు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఉంది కనుక అవసరం లేని వివరం, ముఖ్యంగా మనిషి ఎక్కడ తిరుగుతున్నాడన్నది, అసలు సేకరించకు. పరికరాన్ని వైద్యానికి ఇవ్వాలనుకున్న రోజున 2017 వైద్య పరికరాల నియమావళి కిందికి వస్తావు. పరికరం ఏం చూపించినా మందు మోతాదు డాక్టరు చెప్పనిదే మార్చకూడదని ప్రతి ఇంట్లోనూ నీ నోటితో చెప్పు, కాగితం మీద వదిలేయకు.

వచ్చే నెలలోగా ఒక్క పేజీ రాయి: ఏ డాక్టరు, ఏ రోగి విషయంలో, ఏ నిర్ణయానికి, ఏ అంకె చూస్తారు. మంగళగిరి ఎయిమ్స్‌లోనో గుంటూరు ఆసుపత్రిలోనో న్యూరాలజీ వారికి చూపించి, వారు దిద్దిన ప్రతిని నాకు పంపు. సర్క్యూట్ బొమ్మలు దాని తరువాత కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మావయ్య