రియాలిటీ షోలో ఉద్యోగం వచ్చింది, చేరమంటారా?

ప్రశ్న: జర్నలిజంలో పీజీ పూర్తి చేశాను. రియాలిటీ షోలు తీసే ఒక సంస్థ కాస్టింగ్ అసిస్టెంట్‌గా (పోటీదారులను ఎంపిక చేసే బృందంలో సహాయకురాలిగా/సహాయకుడిగా) తీసుకుంటామంది. ఇంటర్వ్యూలో ‘మనిషి చేత కన్నీళ్లు పెట్టించే మాట రాబట్టగలవా?’ అని అడిగారు. టీవీ రంగంలో స్థిరపడాలన్నది నా కోరిక. కానీ ఒకరి అవమానాన్ని పదిమందికి వినోదంగా చూపే పని చేయగలనా అని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయంలో నిజముంది. ఈ ఆఫర్‌ను ఉన్నదున్నట్టుగా ఒప్పుకోవద్దు. అలాగని టీవీనే వదులుకోనక్కర్లేదు. అదే సంస్థలో ఫుటేజీ లాగింగ్‌లోగానీ (తీసిన దృశ్యాల్లో ఎక్కడ ఏముందో చూసి నమోదు చేసే పని), స్టోరీ అసిస్టెంట్‌గాగానీ (ఆ దృశ్యాల్లోంచి కథను పేర్చే స్టోరీ టీమ్‌కు సాయపడే పని) అవకాశం ఉందేమో అడగండి. రియాలిటీ షోలో అవమానం అనుకోకుండా కెమెరాకు చిక్కేది చాలా తక్కువ. కాస్టింగ్, షూటింగ్, ఎడిటింగ్ అనే మూడు చోట్ల అది తయారవుతుంది. మిమ్మల్ని కూర్చోబెడతామన్నది మొదటి చోట.

పాటల పోటీల ఆడిషన్లనే తీసుకోండి. చాలా షోలలో జడ్జీల ముందుకు రాకముందే ప్రొడ్యూసర్లు అభ్యర్థులను విని వడపోస్తారు. బాగా పాడేవాళ్లను పైకి పంపుతారు. అసలు పాడలేకపోయినా గొప్పగా పాడతామని నమ్మేవాళ్లను కూడా తెలిసే పంపుతారు. ‘అద్భుతంగా పాడారు, జడ్జీలు వినాల్సిందే’ అని వాళ్లకు ధైర్యం చెప్పేది కాస్టింగ్ బృందమే. తర్వాత జడ్జి వెటకారం చేస్తే ప్రేక్షకుడు జడ్జినే తిడతాడు. ఆ మనిషిని అక్కడిదాకా నడిపించిన చేయి తెర మీద కనబడదు.

ఒకే ఇంట్లో ఉంచే షోలలో దరఖాస్తు ఫారమే పెద్ద పరికరం. దేనికి భయపడతారు, ఎవరి చేతిలో మోసపోయారు, ఎలాంటి మనుషులంటే పడదు అని అడుగుతారు. మనస్తత్వ నిపుణులు చేసే పరీక్షలోనూ ఇంచుమించు ఇవే వివరాలు వస్తాయి. ఆ సమాచారం ఎవరి టేబుల్ మీదికి వెళుతుందన్నదే అసలు సంగతి. సంక్షేమ బృందం దగ్గర ఆగితే అది పోటీదారుకు రక్షణ. స్టోరీ టీమ్ చేతికి వస్తే, ఎక్కడ నొక్కితే ఏడుస్తారో చెప్పే పటం అవుతుంది.

షూటింగ్ దశలో ఫోన్, గడియారం తీసేసుకుంటారు. నిద్ర చాలదు, కొన్ని షోలలో మద్యం ధారాళంగా దొరుకుతుంది. ఆపైన ఒంటరిగా కూర్చోబెట్టి తీసే ఇంటర్వ్యూలో ‘ఆమె నీ గురించి ఏమందో తెలుసా?’ అంటూ సగం మాట మోసుకొస్తారు. ప్రశ్నను కలుపుకుని పూర్తి వాక్యంలో జవాబు చెప్పమంటారు, ఎందుకంటే ప్రొడ్యూసర్ గొంతు ఎడిట్‌లో తీసేయాలి. రోజు మారినా అవే బట్టలు వేయిస్తే వేర్వేరు రోజుల మాటలు తేలిగ్గా అతుక్కుంటాయి.

ఇక ఎడిటింగ్. రెండు మూడు వాక్యాల ముక్కలు కలిపి, ఆ మనిషి ఎన్నడూ అనని వాక్యాన్ని పుట్టిస్తారు. దీన్ని ఫ్రాంకెన్‌బైట్ అంటారు. మాట మధ్యలో ముఖం మాయమై వేరేవాళ్ల హావభావాల మీదికి షాట్ మారితే, గొంతు స్థాయి హఠాత్తుగా తేడా కొడితే అక్కడ అతుకు ఉందేమో అనుమానించాలి. ఎప్పుడో విసుగ్గా చూసిన చూపును ఇప్పటి మాటకు తగిలించడం ఇంకా సులువు. ఎవరైనా విలన్‌లా కనిపించడానికి అదొక్కటి చాలు.

ఫలితాలు చిన్నవి కావు. 2020 మార్చి చివర్లో జపాన్‌లో ‘టెర్రస్ హౌస్’ షోలోని ఒక గొడవ ముందుగా ఆన్‌లైన్‌లో వచ్చింది. అందులో ఉన్న రెజ్లర్ హనా కిమురా మీద తిట్ల వర్షం కురిసింది. అయినా మే నెలలో అదే ఎపిసోడ్‌ను టీవీలో ప్రసారం చేశారు. కొద్ది రోజులకే ఆమె ప్రాణాలు తీసుకుంది, షో ఆగిపోయింది. ఆమె మానసిక స్థితిని తగినంత పట్టించుకోలేదని అక్కడి ప్రసార నైతికతా సంస్థ 2021లో తప్పుపట్టింది. 2022లో జపాన్, ఒక మనిషిని బహిరంగంగా దూషించే నేరానికి శిక్షను ఏడాది జైలు వరకు పెంచింది. బ్రిటన్‌లో 2019లో ‘జెరెమీ కైల్ షో’లో లై డిటెక్టర్ పరీక్షకు కూర్చున్న ఒక అతిథి చిత్రీకరణ తర్వాత కొద్ది రోజులకు మరణించడంతో 14 ఏళ్ల షోను ఆపేశారు. ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్, పాల్గొనేవారి సంక్షేమం చూడాలన్న నిబంధనలను 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి తెచ్చింది. అక్కడి డేటింగ్ షో ‘లవ్ ఐలాండ్’ నిర్మాతలు 2019లోనే, ఇంటికి తిరిగొచ్చిన ప్రతి పోటీదారుకు కనీసం 8 థెరపీ సెషన్లు, 14 నెలల పాటు పలకరింపు ఉంటాయని ప్రకటించారు. సంస్థను బేరీజు వేయడానికి మీరు ఈ అంకెలను కొలతగా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు మీకు ఆఫర్ ఇచ్చిన సంస్థను మెయిల్‌లో నాలుగు విషయాలు అడగండి. సంక్షేమం చూసే వ్యక్తి ప్రొడ్యూసర్ కింద పనిచేస్తారా, విడిగానా? షూటింగ్ ఆపే అధికారం వారికుందా? మానసిక పరీక్ష వివరాలు స్టోరీ టీమ్‌కు ఇస్తారా? ప్రసారం తర్వాత పోటీదారుకు ఎన్నాళ్లు, ఎవరి ఖర్చుతో సాయం అందుతుంది? ‘మా దగ్గర సైకాలజిస్ట్ ఉన్నారు’ అన్న ఒక్క ముక్కతో సరిపెడితే నమ్మవద్దు. ఆ నిపుణుడు ఎంపిక రోజు మాత్రమే వచ్చి, బలహీనతలు రాసిచ్చి వెళ్లిపోయే ఏర్పాటూ ఉంటుంది. నాలుగింటికీ స్పష్టమైన జవాబు వస్తే కాస్టింగ్ కూడా చేయదగిన పనే. అప్పుడు తట్టుకోలేని మనిషిని గుర్తించి ‘ఈయన్ని తీసుకోవద్దు’ అని రాసే అవకాశం మీకు దొరుకుతుంది.

లాగింగ్‌లో చేరితే టైమ్‌కోడ్ (ఫుటేజీలో ఆ మాట వచ్చే సమయం), ఎవరన్నారు, ఏ ప్రశ్నకు అన్నారు అనే మూడూ ప్రతి ఎంట్రీలో రాయండి. మూడోది చాలామంది వదిలేస్తారు. ప్రశ్న నమోదై ఉంటే జవాబును వేరేచోట అతికించినప్పుడు ఇట్టే తెలిసిపోతుంది. అభ్యంతరం చెప్పాల్సి వస్తే ‘ఇది అన్యాయం’ అన్నంత మాత్రాన గడువు ఒత్తిడిలో ఉన్న ఎడిటర్ వినడు. ఫలానా టైమ్‌కోడ్ దగ్గర అర్థం తిరగబడిందని చెప్పి, దాని బదులు వాడదగ్గ ముక్కను కూడా చూపించండి. అప్పుడు మారే అవకాశం బాగా ఎక్కువ. రోజంతా ఏడుపులు, తిట్లు వినే పని మనసును అరగదీస్తుంది. అందుకని వారంలో కొన్ని షిఫ్టులైనా వేరే ఫుటేజీ ఇవ్వమని మొదటే అడగండి.

పనిలో దిగకముందే మీరు చేయని పనులేవో కాగితం మీద రాసుకోండి: పోటీదారుతో అబద్ధం చెప్పడం, ఇంట్లో చావు కబురు దాచడం, మద్యం తాగిన మనిషిని ఇంటర్వ్యూ చేయడం లాంటివి. సెట్‌లో రాత్రి రెండింటికి అడిగితే ఆలోచించే ఓపిక ఉండదు. ఏడాది లాగింగ్, పేపర్ ఎడిట్ (ఏ ముక్క తర్వాత ఏది రావాలో ముందుగా కాగితం మీద పేర్చడం) అనుభవంతో డాక్యుమెంటరీలకు, క్రీడా కార్యక్రమాలకు మారడం కష్టం కాదు. వాళ్లకు కావలసిన నైపుణ్యమూ వందల గంటల ఫుటేజీలోంచి కథ ఏరడమే.

వాళ్లు మెయిల్‌కు జవాబివ్వకుండా ఫోన్ చేసి ‘అవన్నీ చేరాక చూద్దాం’ అంటే, కాస్టింగ్ పోస్టు వద్దని ఆ ఫోన్‌లోనే చెప్పేయండి.