టెక్ సందేహాలు: ఇథనాల్ పెట్రోలుతో పాత బండి ఇంజను అరిగిపోతుందా?

రాజోలు దగ్గరి ఒక లంక గ్రామం నుంచి పాఠకుడొకరు ఇలా రాశారు: "నాది 2013లో కొన్న కార్బ్యురేటర్ బైకు. మస్కట్‌లో పనిచేస్తూ ఏడాదికోసారి ఊరికి వస్తాను. ఈసారి వచ్చి చూస్తే బండి ఎంతకీ స్టార్ట్ కాలేదు. మెకానిక్ కార్బ్యురేటర్ విప్పి చూసి, ఇథనాల్ పెట్రోలుతో ఇంజను అరిగిపోతుంది, అమ్మేయండి అన్నాడు. అమ్మేయమంటారా సార్?"

అమ్మవద్దు. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇబ్బంది ఇంజనులో కాదు, ట్యాంకు నుంచి ఇంజను దాకా పెట్రోలు నడిచే దారిలో ఉంది. ఈ తేడా తెలియక నిక్షేపంలాంటి బండిని అయినకాడికి వదిలించుకోవడం నిజంగా బాధాకరం.

పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని దేశం 2022 జూన్‌లో చేరుకుంది. 20 శాతం కలిపిన ఇ20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025 నాటికి దాదాపు అన్నిచోట్లా మామూలు పెట్రోలు అయిపోయింది. చెరకు మడ్డి, నూకలు, మొక్కజొన్నల నుంచి తీసే ఈ ఇథనాల్‌కు రెండు గుణాలున్నాయి. ఒకటి, అది మంచి ద్రావకం కాబట్టి పాత రకం రబ్బరు ఓరింగులను, పెట్రోలు పైపులను ఉబ్బించి, కొంతకాలానికి పెళుసుబారుస్తుంది. ట్యాంకు గోడలకు ఏళ్ల తరబడి పట్టిన మడ్డిని కరిగించి ఫిల్టరులోకి, కార్బ్యురేటర్‌లో పెట్రోలు చిమ్మే సన్నని రంధ్రమైన జెట్‌లోకి తోస్తుంది. రెండోది, అది నీటిని కలుపుకుంటుంది. మామూలు పెట్రోలులో నీరు పడితే అడుగున విడిగా నిలుస్తుంది. ఇథనాల్ ఉన్న పెట్రోలు ఆ నీటిని కొంతమేర తనలో దాచుకుని, హద్దు దాటగానే ఇథనాల్, నీరు కలిసి ఒక పొరగా అడుగుకు దిగిపోతాయి. ట్యాంకు నుంచి పెట్రోలు తీసే పైపు అడుగు దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ పొర ఇంజను వైపు చేరవచ్చు.

ఏడాది పొడవునా తేమ వీడని కోనసీమలో గాలి ద్వారా ట్యాంకులోకి చేరే తేమ కొంత ఉంటుంది గానీ, అసలు దోషి చాలాసార్లు వాననీరే. ట్యాంకు మూత తెరిచి, దాని చుట్టూ ఉన్న గాడిలో చూడండి: గుండుసూది తలకంటే కాస్త పెద్దదైన ఒక రంధ్రం కనిపిస్తుంది. గాడిలో పడిన వాననీరు కిందికి పోవడానికి పెట్టిన దారి అది. దుమ్ము, బురద చేరి అది పూడుకుపోతే నీరు గాడిలోనే నిలిచి, మూత రబ్బరు సందుగుండా నెమ్మదిగా ట్యాంకులోకి దిగుతుంది. కిందటి వానాకాలంలో మా వీధిలో ఇలాంటి బండి కార్బ్యురేటర్ విప్పుతుండగా దగ్గరుండి చూశాను. కార్బ్యురేటర్ కింద పెట్రోలు నిలిచే బౌల్ అడుగున కందిగింజంత నీటిబొట్టు పెట్రోలు కింద పాదరసంలా దొర్లుతోంది. దాని పక్కన అల్యూమినియం మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొడి పట్టి ఉంది. ఇంజను తలకాయ విప్పాల్సిన అవసరమే రాలేదు.

మీరు చేయించవలసింది ఇదీ: ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించి, కార్బ్యురేటర్ కడిగించి, పెట్రోలు పైపు, ఓరింగులు, ఫ్లోట్ బౌల్ గాస్కెట్‌లను ఇ20ని తట్టుకునే రకంతో మార్పించండి. మళ్లీ మస్కట్ బయలుదేరే ముందు ట్యాంకుతో పాటు బౌల్ కింది స్క్రూ వదులుచేసి అందులోని పెట్రోలు కూడా తీయించేయండి. ఎంత ఇథనాల్ ఉందో చూడాలనుకుంటే ఆరుబయట, నిప్పుకు దూరంగా, కొలతగీతలున్న గాజు గొట్టంలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీరు పోసి కుదిపి నిలబెట్టండి. ఇ20 అయితే అడుగున ఉన్న 10 కాస్తా 30కి దగ్గరగా పెరుగుతుంది.

ఒక సంగతి మాత్రం దాచకూడదు. ఇథనాల్ మండడానికి గాలి తక్కువ సరిపోతుంది. కార్బ్యురేటర్‌కు ఆ సంగతి తెలియదు కనుక పాత లెక్క ప్రకారమే గాలి కలుపుతుంది, గాలి పాలు ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది. పొద్దున్నే చోక్ ఎక్కువసేపు అవసరమవడం, పికప్ తగ్గడం, ఇంజను మామూలుకంటే వేడెక్కడం దీని గుర్తులే. మిశ్రమాన్ని కాస్త చిక్కబరచడం తెలిసిన మెకానిక్‌కు పెద్ద పని కాదు.

భీమవరం నుంచి మరొకరు: "2021 కారు లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చేది, ఇప్పుడు 16 ఇస్తోంది. ఫోన్ యాప్‌తో పనిచేసే కారు కంప్యూటరులోని వివరాలు చదివే ఓబీడీ పరికరం కొంటే కారణం తెలుస్తుందా? సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో మైలేజీ తిరిగి వస్తుందా?"

లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21 మాత్రమే ఉంటుంది. కాబట్టి మైలేజీ కొంత తగ్గడం ఖాయం, అది యజమాని భ్రమ అనడం అన్యాయం. పెట్రోలుకు రూపొందించి ఇ10కి సరిచేసిన కార్లలో ఇ20 వల్ల 6 నుంచి 7 శాతం, అలాంటి ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. మీది 11 శాతం తగ్గింది కనుక మిగతాది ఇథనాల్ ఖాతాలో వేయలేం; టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు చూపించండి.

ఓబీడీ పరికరం పనికొస్తుంది. యాప్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూడండి. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు చెప్పినదాన్నిబట్టి కారు ఎంత ఎక్కువ పెట్రోలు చిమ్ముతోందో అది చెబుతుంది. ఇ10 నుంచి ఇ20కి మారితే ఆ అంకె సుమారు 4 శాతం పెరగడం సహజం. అది రెండంకెలకు చేరితే లోపం వేరేచోట ఉన్నట్టే. సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, ఇ20కి ఆక్టేన్ (తనంతట తాను అంటుకోకుండా తట్టుకునే గుణం) ఎక్కువ కాబట్టి స్పార్క్ సమయాన్ని ముందుకు జరిపి కొంత లాభం పొందవచ్చు, కానీ ఇంధనంలో లేని శక్తిని ఏ అప్‌డేటూ తేలేదు. బయటి షాపుల్లో కారు కంప్యూటరు లెక్కలు మార్చే రీమ్యాప్‌ల జోలికి వెళ్లవద్దు, వారంటీ పోతుంది.

కాకినాడ పాఠకురాలి ప్రశ్న చిన్నది: "స్కూటీ మీద రోజూ రెండు కిలోమీటర్లే తిరుగుతాను, ఇంజన్ ఆయిల్ తొందరగా మార్చాలా?" మార్చాలి. ఇంత తక్కువ దూరంలో ఇంజను పూర్తిగా వేడెక్కదు. ఆయిల్‌లోకి జారిన ఇంధనమూ, తేమా ఆవిరైపోయే అవకాశం ఉండదు. కిలోమీటర్ల లెక్క పక్కనపెట్టి, మీ మాన్యువల్‌లో నెలల లెక్కన ఇచ్చిన గడువును పాటించండి, వారానికొకసారి అరగంటపాటు ఆపకుండా నడపండి.