బొమ్మలో ముఖం సుద్ద కొట్టినట్టు వస్తోందా?

ప్రశ్న: పెన్సిల్ బొమ్మలు బాగానే వేస్తాను. ఆయిల్ కలర్స్‌లో ముఖాలు వేయడం పట్టుబడాలని పాత యూరప్ చిత్రాలను చూసి వేస్తున్నాను. చర్మం సుద్ద పూసినట్టు వస్తోంది. ఏ చిత్రం ఎంచుకోవాలి? తప్పు ఎక్కడ?
- ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెస్ 1650లో రోమ్‌లో వేసిన హువాన్ దె పరేహా చిత్రం తీసుకోండి. అది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. వాళ్ల వెబ్‌సైట్ నుంచి పెద్ద ఫొటో ఉచితంగా దించుకోవచ్చు. పరేహా వెలాస్కెస్ దగ్గర బానిసగా ఉన్న సహాయకుడు, తర్వాత తానూ చిత్రకారుడయ్యాడు. అతనిది గోధుమరంగు చర్మం. గులాబీ బుగ్గల దొరసానుల మీద చేయి తిప్పుకుంటే, రేపు నల్లగొండ మనిషి ముఖం వేయాల్సి వచ్చినప్పుడు కథ మళ్లీ మొదటికొస్తుంది.

అసలు చిత్రం 81.3 × 69.9 సెంటీమీటర్లు. 21 × 18 అంగుళాల కాన్వాస్ ఆ నిష్పత్తికి దాదాపు సరిపోతుంది. 20 × 16 రెడీమేడ్ కాన్వాస్ తెస్తే ముఖం సాగుతుంది, లేదా పక్కలు వదిలేయాలి. కొలతలు తప్పకుండా దించడానికి కాన్వాస్ మీద 3 అంగుళాల గళ్లు గీస్తే 42 వస్తాయి. ఏ3 కాగితం మీద బొమ్మ 10.5 × 9 అంగుళాలు వచ్చేలా ప్రింటు తీయిస్తే, దాని మీద గడి ఒకటిన్నర అంగుళం. బ్లాక్ అండ్ వైట్ ప్రింటు కూడా ఒకటి తీయించండి. వెలుగునీడలు అందులోనే చూడాలి. ఫోన్ వెలుతురు గంటకోలా ఉంటుంది.

తెల్ల కాన్వాస్ మీద నేరుగా మొదలుపెట్టొద్దు. బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగులో టర్పెంటైన్ కలిపి డికాక్షన్ రంగులో పూసి, గుడ్డతో తుడిచి, ఒక రోజు ఆరనివ్వండి. నీడలన్నీ మళ్లీ అదే రంగుతో. ఈ దశలో నూనె వద్దు.

ఇక సుద్ద సంగతి. మీరు నీడల్లో కూడా తెలుపు కలుపుతున్నట్టున్నారు. ఆనాటి వాళ్లది సీసం తెలుపు, అది విషం, మనకొద్దు. మన టైటానియం వైట్ దానికంటే ఘాటు. చుక్క ఎక్కువైతే చర్మం బూడిదైపోతుంది. దవడ కింద, ముక్కు పక్కన బర్న్‌ట్ సియెన్నా, రా అంబర్ మాత్రమే, కింది రంగు కనిపించేంత పల్చగా. వెలుగు పడేచోట యెల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, రవ్వంత వెర్మిలియన్ కలిపి, చివర్లో చిటికెన గోరంత తెలుపు. కలిపింది రంగులు కలిపే కత్తి కొసన తీసి ప్రింటు పక్కన పెట్టి చూడండి, ఆ తర్వాతే కుంచె. నుదుటి మెరుపు చిక్కగా ఒక్క వేటులో వేసి వదిలేయాలి. రెండోసారి తాకితే కింది గోధుమరంగు లేచి మెరుపు చస్తుంది. కనురెప్పల వెంట్రుకలు ఆఖర్న, అదీ అవసరమైతేనే.

ప్రశ్న: నల్ల బ్యాక్‌గ్రౌండ్ ఆరాక మచ్చలుగా పాలిపోయింది. జుట్టు దగ్గర పగుళ్లు. ఎండలో పెట్టినందుకేనా?
- వనపర్తి పాఠకురాలు

జవాబు: ఎండ కొంత కారణం. పాలమూరు ఎండకు పైన పొర కట్టి లోపల పచ్చిగానే ఉంటుంది. పగుళ్లకు అసలు కారణం, ఆలస్యంగా ఆరే ఐవరీ బ్లాక్ కింద, త్వరగా ఆరే అంబర్ పైన పడటం. వరుస తిప్పండి, పై పొరలో నూనె కింది పొరకంటే ఎక్కువుండాలి. పాలిపోయినచోట కింది పొర నూనె పీల్చేసింది. బాగా ఆరాక ఆర్టిస్ట్ లిన్సీడ్ ఆయిల్ (చిత్రకారుల అవిసె నూనె) పల్చగా రుద్ది, మిగిలింది తుడిచేయండి. వంటింటి అవిసె నూనె వాడొద్దు. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే ఆరే వేడికి వాటంతటవే అంటుకుంటాయి. దండెం మీద విడివిడిగా ఆరేయండి.