పాఠకుల ప్రశ్నలు – జవాబులు: యాసిడ్ సీసా పక్కన ఏముంది?

ప్రశ్న: రొయ్యల గుంటల నీళ్లు పరీక్షించే చిన్న ల్యాబులో ఏడాదిగా పనిచేస్తున్నాను. ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి గుణం) చూడడానికి గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం తెచ్చి, పలచన చేసి వాడుతున్నాం. మాది పదడుగుల గది. ఉన్న ఒకే అలమరలో ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ ద్రావణం), బ్లీచింగు పౌడరు, పర్మాంగనేటు, ఈ యాసిడ్ అన్నీ సర్దుకున్నాం. ఎండాకాలంలో సీసా మూత తీస్తే గుప్పున పొగ వస్తోంది. మాస్కు పెట్టుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, అల్లూరు, నెల్లూరు జిల్లా

జవాబు: మీరు అడిగింది మాస్కు గురించే అయినా, మీ ఉత్తరం చదువుతుంటే నన్ను ఉలికిపాటుకు గురిచేసింది ఆ అలమర. ముందు దాని సంగతి చెప్పి, తర్వాత మాస్కు దగ్గరకు వస్తాను.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం అంటే హైడ్రోజన్ క్లోరైడ్ అనే వాయువును నీటిలో కరిగించిన ద్రావణం. ల్యాబులకు వచ్చే గాఢ ఆమ్లంలో బరువు ప్రకారం 35 నుంచి 37 శాతం దాకా ఆ వాయువే ఉంటుంది. అంత వాయువును నీరు గట్టిగా పట్టి ఉంచలేదు గనుక, మూత తీయగానే కొంత పైకి లేచి, గాలిలోని తేమతో కలిసి తెల్లని పొగలా కనిపిస్తుంది. మీది సముద్రం దగ్గరి ఊరు, తేమకు కొదవ లేదు. పైగా రోహిణి కార్తె ఎండలకు సీసాలో ఒత్తిడి కూడా పెరుగుతుంది. అందువల్ల మూతను ఒక్క ఊపున తిప్పేయకుండా, ముఖం పక్కకు పెట్టుకుని, కొద్దికొద్దిగా వదులు చేసి, లోపలి వాయువు పోయిన తర్వాతనే పూర్తిగా తెరవాలి.

మూత బిగుతుగా లేకపోతే ఈ వాయువు రాత్రింబవళ్లు మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. నేను డిమాన్‌స్ట్రేటరుగా పనిచేసిన ఒక కళాశాలలో యాసిడ్ సీసాలను స్టీలు బీరువాలో పెట్టేవారు. వేసవి సెలవులు ముగిసి వచ్చేసరికి బీరువా తాళం తుప్పుతో బిగుసుకుపోయింది, తలుపు బందులు గోధుమరంగు పొడిలా రాలుతున్నాయి, పక్క బల్ల మీది త్రాసు పళ్లేలకు మచ్చలు పడ్డాయి. ఒక్క చుక్క కూడా ఒలకలేదు. ఇనుముకు ఆ గతి పట్టించిన గాలినే అక్కడ పనిచేసేవారి ఊపిరితిత్తులూ పీలుస్తాయి.

ఇక మీ అలమరలో ఈ సీసాకు ఉన్న ఇరుగుపొరుగును చూడండి. బ్లీచింగు పౌడరు మీద ఈ ఆమ్లం పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. హేచరీలలో తొట్లు కడిగే హైపోక్లోరైటు ద్రావణంతో కలిసినా జరిగేది అదే. పర్మాంగనేటు సంగతి మీరు ఇంటర్మీడియట్‌లోనే చదివి ఉంటారు: ల్యాబులో క్లోరిన్ తయారు చేయడానికి పర్మాంగనేటు మీద గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని చుక్కలుగా వేస్తే చాలు, వేడి చేయవలసిన పని కూడా లేదు. క్లోరిన్ గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువైనది కాబట్టి అది నేలబారుగా పేరుకుంటుంది. పదడుగుల గదిలో కిందపడిన వస్తువు కోసం వంగిన మనిషి సరిగ్గా ఆ గాలినే పీలుస్తాడు. క్లోరిన్ పీల్చిన వ్యక్తి కాసేపు దగ్గి తేరుకున్నట్టు కనిపించినా, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. అందుచేత అతణ్ణి వెంటనే మంచి గాలిలోకి తెచ్చి, దగ్గు తగ్గినా సరే ఆసుపత్రికి తీసుకువెళ్లి, వైద్యుల పర్యవేక్షణలో ఉంచాలి.

ఫార్మలిన్ విషయం చాలామందికి తెలియదు. ఫార్మలిన్ ఆవిరి, హైడ్రోజన్ క్లోరైడ్ ఆవిరి తేమగాలిలో కలిసినప్పుడు బిస్-క్లోరోమిథైల్ ఈథర్ అనే పదార్థం అతి స్వల్పంగానైనా ఏర్పడే అవకాశం ఉంది. అది మనుషులలో ఊపిరితిత్తుల క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థం. కళ్లకు కనిపించదు, తుప్పులాగా గుర్తు మిగల్చదు. కనుక ఈ ఉత్తరానికి జవాబు చదివిన రోజే యాసిడ్ సీసాను ఆ అలమర నుంచి తీసేయండి. కంటి ఎత్తుకు తక్కువగా, ఎండ తగలని చోట, ఒలికినా లోపలే నిలిచేలా ఒక ప్లాస్టిక్ టబ్బులో దాన్ని విడిగా పెట్టండి. అమోనియా సీసాను కూడా దాని దరికి రానీయవద్దు.

మాస్కు దగ్గరకు వస్తే, గుడ్డ మాస్కు గాని, ఆసుపత్రి మాస్కు గాని, ఎన్-95 గాని వాయువును ఆపవు. ఎన్-95 ఆపేది ధూళిని, తుంపరలను. ఆమ్ల వాయువులకు ప్రత్యేకంగా చేసిన కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు అయితేనే పనికివస్తుంది. అమెరికాలో పని ప్రదేశాలకు పెట్టిన నిబంధన ప్రకారం పది లక్షల పాళ్ల గాలిలో హైడ్రోజన్ క్లోరైడ్ 5 పాళ్లను ఏ క్షణంలోనూ దాటరాదు. 50 పాళ్లను ప్రాణాపాయ స్థాయిగా లెక్కిస్తారు. ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను బయటికి లాగేసే గూడు) లేని మీ ల్యాబులో, గాఢ ఆమ్లంతో చేసే పనిని గాలి ఆడే వరండాలో, గాలివాటుకు ఎదురుగా కాకుండా నిలబడి చేయడం మేలు. పక్కల నుంచి కూడా మూసి ఉండే గాగుల్స్, నైట్రైల్ చేతితొడుగులు తప్పనిసరి. చూపు కోసం పెట్టుకునే కళ్లద్దాలు గాగుల్స్ కావు.

అసలు మీకు గాఢ ఆమ్లం ఎందుకు? గాఢ ఆమ్లం సుమారు 12 నార్మల్ (నార్మల్ అంటే ద్రావణం గాఢతకు కొలమానం). ఆల్కలినిటీ పరీక్షకు వాడే 0.02 నార్మల్ ద్రావణం ఒక లీటరు చేయడానికి దానిలో 1.7 మిల్లీలీటర్లు చాలు, అంటే అర లీటరు సీసాతో దాదాపు 300 లీటర్ల ద్రావణం తయారవుతుంది. తయారుగా దొరికే 1 నార్మల్ ద్రావణాన్నే కొనుక్కుంటే, అందులో 20 మిల్లీలీటర్లను లీటరుకు పలచన చేస్తే సరిపోతుంది. అది పొగలు కక్కదు. ఖర్చు కొంచెం ఎక్కువే, కాని మీ యజమానిని ఒప్పించవలసింది ఈ మాట మీదనే. గాఢ ఆమ్లమే వాడక తప్పనప్పుడు, ముందు నీళ్లు పోసుకుని వాటిలోకి ఆమ్లాన్ని మెల్లగా వదలాలి. ఆమ్లంలోకి నీళ్లు పోయకూడదు. ద్రవాన్ని కొలిచి తీసే గాజు గొట్టాన్ని, అంటే పిపెట్‌ను, నోటితో పీల్చడం ఇప్పటికీ కొన్నిచోట్ల చూస్తున్నాను. రబ్బరు బల్బు ధర ఎంతని?

ప్రశ్న: మా జూనియర్ కళాశాల ప్రాక్టికల్స్‌లో ఒక విద్యార్థి చేతి మీద హైడ్రోక్లోరిక్ యాసిడ్ పడింది. వెంటనే వంటసోడా రాయాలని ఒకరు, సున్నపు తేట పోయాలని ఒకరు అన్నారు. ఏది సరైనది?
– ఒక అధ్యాపకురాలు, ఒంగోలు

జవాబు: రెండూ కావు. కుళాయి కింద చెయ్యి పెట్టి, ధారగా పడే మామూలు నీటితో కనీసం 15 నుంచి 20 నిమిషాలు కడగాలి. ఆమ్లానికి క్షారం విరుగుడు అన్న పుస్తకపు లెక్క చర్మం మీద చెల్లదు. ఆ చర్యలో వేడి పుడుతుంది, సున్నం తానే చర్మాన్ని తింటుంది, ఈ వెతుకులాటలో విలువైన మొదటి నిమిషాలు గడిచిపోతాయి. ఆమ్లం పడిన బట్టలను, గడియారాన్ని, గాజులను నీళ్లు పోస్తూనే తీసేయాలి. పసుపు, టూత్‌పేస్టు, ఇంకు వంటివి ఏవీ పూయరాదు. కంట్లో పడితే రెప్పలను వేళ్లతో విడదీసి పట్టుకుని అంతసేపూ కడిగి, నేరుగా కంటి వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లాలి. పొరపాటున మింగితే వాంతి చేయించకూడదు, ఎందుకంటే దిగేటప్పుడు కాల్చిన గొంతును అది ఎక్కేటప్పుడు మరోసారి కాలుస్తుంది. నోరు పుక్కిలింపజేసి 108కి ఫోన్ చేయాలి.

వంటసోడా ఇంట్లోనూ ల్యాబులోనూ ఉండవలసిందే, అయితే అది నేల మీద ఒలికిన ఆమ్లానికి. అంచుల నుంచి మధ్యకు చల్లుకుంటూ రావాలి. నురగ పొంగడం ఆగిన తర్వాత ఊడ్చి, నీళ్లతో కడగవచ్చు.

ప్రశ్న: మా కళాశాల కోసం యాసిడ్ కొనబోతే దుకాణదారు గుర్తింపు కార్డు అడిగాడు. కళాశాలకు కూడా ఇది వర్తిస్తుందా?
– ఒక ల్యాబ్ అటెండరు, కావలి

జవాబు: దుకాణదారు చేసింది సరైన పనే. యాసిడ్ దాడుల కేసులో సుప్రీంకోర్టు 2013 జులై 18న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, కొనేవారి చిరునామా ఉన్న ప్రభుత్వ గుర్తింపు కార్డు చూసి, ఎందుకు కొంటున్నారో రాసుకున్న తర్వాతనే యాసిడ్ అమ్మాలి, 18 ఏళ్లలోపు వారికి అమ్మరాదు. విద్యాసంస్థల ల్యాబులకు కూడా అందులో విడిగా బాధ్యతలు పెట్టారు: వాడకం రిజిస్టరు నిర్వహించి సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, అంటే మన దగ్గర ఆర్డీవోకు లేదా సబ్ కలెక్టరుకు సమర్పించాలి, నిల్వకు ఒక వ్యక్తిని బాధ్యునిగా నియమించాలి, ల్యాబు నుంచి బయటికి వెళ్లేవారిని తనిఖీ చేయాలి. వీటిని పాటించకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా విధించవచ్చు.

ఆ బాధ్యత సాధారణంగా మీలాంటి అటెండర్ల మీదనే పడుతుంది కాబట్టి, బాధ్యుడు ఎవరో ప్రిన్సిపాల్ గారి చేత రాతపూర్వకంగా తీసుకోండి. ప్రాక్టికల్స్ ముగిసిన ప్రతి సాయంత్రం సీసా మీద ఆమ్లం మట్టానికి ఒక గీత గీసి, పక్కన తేదీ వేయండి. మర్నాడు తాళం తీసినప్పుడు మట్టం ఆ గీతకు తగ్గి ఉంటే, సీసాను కదల్చకుండా ముందు ప్రిన్సిపాల్ గారిని పిలవండి.