ఆడనప్పటి కరెంటు

సంతపేట, నెల్లూరు

చిరంజీవికి,

కావలి నుంచి నువ్వు పంపిన వ్యాసం చేరింది. 'తక్కువ కరెంటుతో హోమ్ థియేటర్ కంప్యూటర్', అంటే టీవీకి తగిలించి సినిమాలు చూసే పెట్టె. తెలుగు బాగానే ఉంది. కానీ రెండో పేరాలోనే నాకు చిర్రెత్తుకొచ్చింది. 'ఈ ప్రాసెసర్ 65 వాట్లే వాడుతుంది' అని రాశావు. ఎక్కడిదా 65? అట్టపెట్టె మీద టీడీపీ అని అచ్చేసిన అంకె. (మనవాళ్ళకు ఆ మాట వింటే సైకిలు గుర్తుకొస్తుంది, అది వేరే సంగతి.) చిప్పు గట్టిగా పనిచేసేటప్పుడు ఎంత వేడిని బయటికి తోలాలో ఫ్యాన్ చేసేవాడికి చెప్పే లెక్క అది. గోడకున్న ప్లగ్గు దగ్గర నీ పెట్టె ఎంత లాగుతుందో దానికేం తెలుసు? ఊరికే ఉన్నప్పుడు చిప్పు అందులో పదో వంతు కూడా తినకపోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్కులు, గోడ కరెంటును కంప్యూటర్‌కు పనికొచ్చేలా మార్చే ఎస్‌ఎంపీఎస్‌లో వృథా అన్నీ కలిస్తే మొత్తం పెట్టె 65 దాటిపోవచ్చు. నువ్వు కొలవలేదు. చదివి రాశావు.

నేనూ అలాగే దెబ్బతిన్నవాణ్ణే. 2009లో మా హాల్లో టీవీకి మొదటిసారి కంప్యూటర్ తగిలించాను. అసెంబుల్ చేయించిన పెద్ద టవర్. సినిమాలన్నీ అందులోనే ఉండేవి కాబట్టి రాత్రీ పగలూ ఆన్‌లోనే. బిల్లు పెరిగితే ఫ్రిజ్‌ను అనుమానించాను, మీటర్‌ను అనుమానించాను, పక్కింటివాళ్ళను కూడా అనుమానించాను. చివరికి ప్లగ్గుకు పెట్టే వాట్ మీటరొకటి కొనుక్కొచ్చి చూస్తే సినిమా నడిచేటప్పుడు 110 వాట్లు, ఏ పనీ లేనప్పుడు 85. రోజుకు మూడు గంటలు సినిమా అనుకో, నెలకు పది యూనిట్లు. మిగిలిన ఇరవై ఒక్క గంటలకు నెలకు యాభై మూడున్నర యూనిట్లు! స్లాబుల బిల్లు కదా, అదనంగా చేరే యూనిట్లన్నీ పై రేటులోనే పడతాయి. 'వంటింట్లో బల్బు మర్చిపోతే నన్ను తిడతారే' అని మా ఆవిడ ఒక్క మాట అని ఊరుకుంది.

ఆ లెక్కనంతా వ్యాసం చేసి ఒక వారపత్రికకు పంపాను. అక్కడి సబ్ ఎడిటర్ మహానుభావుడు సగం అంకెలు కొట్టేసి, మిగిలిన 'యూనిట్లు'ను 'వాట్లు' చేసి అచ్చేశాడు. కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నాకు కార్డు ముక్క రాశాడు: 'అయ్యా, తమరు దూరాన్ని లీటర్లలో కొలుస్తారా?' సవరణ వెయ్యమని మూడు ఉత్తరాలు రాశాను. వెయ్యలేదు. ఆ కార్డు ఇంకా నా డైరీలో ఉంది. ఈ కాలం ఎడిటర్లు అంత పని చెయ్యరులే, అంకెను తీసుకెళ్ళి హెడ్డింగులో పెడతారు: 'కరెంటు ఆదాకు పది చిట్కాలు'. నీ వ్యాసంలో కూడా పది చిట్కాలున్నాయి. తొమ్మిది సినిమా ఆడేటప్పటివి, ఒక్కటే ఆడనప్పటిది. నా గొడవంతా ఆ ఒక్కదాని గురించే.

నువ్వు చెప్పిన 650 వాట్ల గోల్డ్ ఎస్‌ఎంపీఎస్ సంగతే చూడు. కరెంటు తక్కువ వృథా చేస్తుందని ఇచ్చే ఆ 80 ప్లస్ గోల్డ్ ముద్ర కోసం పరీక్ష చేసేది 20, 50, 100 శాతం లోడు దగ్గర. 650లో 20 శాతమంటే 130 వాట్లు. నీ పెట్టె ఊరికే కూర్చుని లాగేది పాతికో ముప్ఫయ్యో. అక్కడ అదెంత వృథా చేస్తుందో ఆ ముద్ర చెప్పదు. బిందెడు నీళ్ళకు లారీ ట్యాంకర్ను పిలిచినట్టుంది.

సినిమా చూడటానికి కంప్యూటర్‌కు బలం అక్కర్లేదబ్బాయ్, సరైన డీకోడర్ ఉంటే చాలు. వీడియోను విప్పే పని చిప్పులో దానికోసమే ఉన్న భాగం చేస్తే మిగతా చిప్పు కునుకు తీస్తుంది. ఆ భాగం లేకపోతే చిప్పులో మామూలు పనులు చేసే కోర్లన్నీ కలిసి మోస్తాయి, ఫ్యాన్ ఈలలు వేస్తుంది. నువ్వు రాస్ప్‌బెర్రీ పై 5 అనే బుల్లి కంప్యూటర్‌ను అన్నిటికీ మందులాగా రాశావు. అందులో హెచ్‌ఈవీసీ అనే వీడియో కుదింపు పద్ధతికి హార్డ్‌వేర్ డీకోడర్ ఉంది, అంతకన్నా పాత పద్ధతి హెచ్.264కు లేదు, అది ప్రాసెసర్ మీదే పడుతుంది. ఆ ముక్క నీ వ్యాసంలో ఎక్కడుంది? నేనిప్పుడు వాడేది ఇంటెల్ ఎన్100 చిప్పు ఉన్న చిన్న కంప్యూటర్ డబ్బా, అరచేతిలో పడుతుంది. యూట్యూబ్‌లో ఏవీ1 అనే కొత్త పద్ధతిలో వచ్చే వీడియోలు కూడా హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది. సినిమాలు ఆడించే 'కోడి' (Kodi) అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. నా మీటర్లో ఊరికే ఉంటే 7 వాట్లు, ఆడితే 11. రాత్రి నిద్రపుచ్చితే ఒకటిన్నర. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద అది ఉన్నట్టే తెలీదు, బ్యాటరీని తినేది టీవీనే. టీవీ యూనిట్ అలమారాలో తలుపేసి మాత్రం పెట్టొద్దు. రోహిణీ కార్తెలో మన ఊళ్ళ సంగతి నీకు నేను చెప్పాలా.

ముత్తుకూరు దాటి నేలటూరు వైపు ఎప్పుడైనా వెళ్ళావా? అక్కడి థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు కరెంటు కోసం బొగ్గు కాలుస్తుంటాయి. ఆ పొగ గొట్టాలను చూసొచ్చిన రాత్రి, హాల్లో నా టవర్ నీలం లైటు వెలుగుతుంటే సిగ్గేసింది. ఇప్పుడు ఆ లైట్లు ఇంకా ఎక్కువయ్యాయి, ఫ్యాన్లకు కూడా ఇంద్రధనుస్సు రంగులు.

కలంపేరు గురించి అడిగావు. తొందరేముంది.

అసలు నీ వ్యాసం మొత్తంలో నన్ను పట్టుకున్నది చివరి పేజీలో, అదీ బ్రాకెట్లలో పెట్టిన వాక్యం. హాల్లో పడుకునే మీ అవ్వ 'ఆ పెట్టె రాత్రంతా ఎందుకురా గురక పెడతా ఉండాది, దానికి నిద్ర లేదా?' అని అడిగిందని రాశావు. నేను ఏళ్ళ తరబడి చెప్పాలని చూస్తున్నదాన్ని ఆమె ఒక్క ప్రశ్నలో అడిగేసింది. నువ్వేమో దాన్ని బ్రాకెట్లలో దాచి, ముందు తొమ్మిది చిట్కాలు పేర్చావు.

మీటరు కొనొద్దు, నాది ఉంది. శనివారం ప్యాసింజర్‌కు వచ్చి పట్టుకుపో. వారం రోజులు పెట్టి ఆడినప్పుడెంత, ఆడనప్పుడెంత విడివిడిగా రాసుకో. ఇంకో మాట. అవ్వ అడిగినప్పుడు నువ్వేం జవాబు చెప్పావో రాయలేదు. అది కూడా రాసి తీసుకురా.

ఆశీస్సులతో.