టీకాలయ్యాకే వానకు మురిసిపో

పాపా భారతీ,

బెంగళూరు ఉద్యోగం వదిలి మన కళ్యాణదుర్గం పొలంలో జీవాలు పెంచుతానంటున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారగానే పక్కింటామెకు గొప్పగా చెప్పుకున్నదీ నేనే.

మొదట ఆల్పాకాలు అన్నావంట, అవే ఆ ఒంటె జాతి ఉన్ని జీవాలు. వీడియో చూశాను, ముద్దుగానే ఉన్నాయి. కానీ పెరూ దేశపు చలికొండల్లో పుట్టినవాటికి మన ఎండల్లో ఏం సుఖం? 11 నెలలు దాటేదాకా మోసి ఒక్క పిల్లను ఈనుతాయంట. మన గొర్రెకు 5 నెలలు చాలు. అవన్నీ ఒకేచోట పెంటికలు వేస్తాయన్నావే, ఆ బుద్ధి మన గొర్రెలకుంటే దొడ్డి ఊడ్చే పని తప్పేది! అయితే రాత్రిపూట చేలో గొర్రెల మందను నిలిపించుకునే రైతు దుడ్లిచ్చేదే ఆ ఎరువుకు. దక్కనీ గొర్రె ఉన్ని గరుకే. దాంతో నేసిన మీ తాత కంబళి ఇంకా నా పెట్టెలోనే ఉంది.

సంతలో గొర్రెలను రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, అంటే లేత వయసువి చూసి కొను. 25 గొర్రెలకు ఒక పొట్టేలు చాలు. కొత్తవాటిని మూడు వారాలు మందలో కలపొద్దు.

ఇక అసలు సంగతి, నా వల్ల మన జీవాలు పోయిన కథ. మీ నాయన అప్పుడు హాస్టల్లో ఉన్నాడు, పూర్తిగా తెలీదు. రెండేళ్లు ఎండిపోయాక తొలకరి గట్టిగా పడింది. చెరువుగట్టు పచ్చబడింది. అంతకు ముందే చిటుకు రోగానికి టీకాలు వేస్తామని డాక్టరు కబురు పెడితే, మా చెల్లెలి నిశ్చితార్థం ఉందని "ఇంకోసారి చూద్దాంలే" అన్నది నేనే. ఆకలి మీదున్న జీవాలను ఆ లేతగడ్డి మీదికి తోలిందీ నేనే. కడుపునిండా మేశాయని మురిసిపోయాను. మరుసటిరోజు చీకటితో దొడ్డిలోకి పోతే బాగా బలిసిన పిల్ల ఒకటి పడి ఉంది. చూస్తుండగానే ఇంకోటి ఎగిరిపడి కాళ్లు కొట్టుకుంది. దిష్టి అనుకుని మిరపకాయలు తిప్పాను. మూడు రోజుల్లో 14 పోయాయి. బక్కవి బతికాయి, పుష్టిగా ఉన్నవే పోయాయి. లేతమేత ఒక్కసారిగా ఎక్కువైతే పేగుల్లోని క్రిమి పెరిగి విషం చిమ్ముతుందని డాక్టరు తరువాత చెప్పాడు. ఒకాయన మాంసానికి బేరమాడటానికొస్తే మీ పెదనాయన పంపేసి, ఒక్క మాటా అనకుండా గొయ్యి తవ్వాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అందుకే వానలకు ముందే టీకా వేయించు. మొదటిసారైతే రెండు వారాలకు ఇంకోటి. ఎవరి పెళ్లున్నా సరే! తొలకరి రోజుల్లో ముందు ఎండిన బుడ్డల (వేరుశనగ) కట్టె పెట్టి, ఆ తరువాత కాసేపే పచ్చిక మీదికి వదులు. వాడిపోయిన లేత జొన్న పైరు దగ్గరికి అసలు పోనీయొద్దు, అదీ విషమే.

రాత్రుళ్లు కుక్కలొస్తాయి. ఒక్కదానివే కాపలా పడుకుంటానంటే మాత్రం నేనొప్పుకోను.

సంతకు పోయే ముందురోజు ఫోన్ చెయ్యి, నేనూ వస్తా. పళ్లు చూడటం నాకు బాగా వచ్చు. నా కళ్లజోడు కాడ విరిగింది, దాన్ని బాగుచేయించి పెట్టు.

మీ పెద్దమ్మ